క్లాసిక్ కారు ఇంజిన్ రంగు

క్లాసిక్ కార్ల పునరుద్ధరణలో ఇంజిన్ రంగు అంటే సిలిండర్ బ్లాకు, హెడ్డు, ఆయిల్ చాంబర్, టాపెట్ కవర్ వంటి భాగాల మీద తయారీదారు వేసిన పూత. దాని ఛాయ, మెరుపు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందనే హద్దు, మూడూ ఇందులోకే వస్తాయి. బాడీ రంగు కొన్నవారి అభిరుచిని చెబుతుంది. ఇంజిన్ రంగు మాత్రం ఆ యంత్రం ఏ కర్మాగారంలో, ఏ కాలంలో తయారైందో, తర్వాత ఎవరి చేతుల్లో మరమ్మతు అయిందో చెబుతుంది. అందుకే సరైన రంగును కంపెనీ పేరు చూసి పట్టికలోంచి ఎత్తి వేయడం కుదరదు. ఆ ఇంజిన్ మీదే మిగిలిన ఆనవాళ్ల నుంచి దాన్ని రాబట్టాలి. వాడుకలో ఏ రంగు వేయాలన్న ప్రశ్న పని చివర వస్తుంది. బోరింగ్ పూర్తయి, వాల్వులు కూర్చుని, కొత్త ప్యాకింగులు పడ్డాక పెయింటర్ ఏ రంగని అడుగుతాడు. అప్పటికి బ్లాకు కాస్టిక్ సోడా తొట్టిలో మునిగి, పాత పూతంతా ఊడిపోయి ఉంటుంది. అడగవలసిన సమయం ఇంజిన్ కడగక ముందు.

సిద్దిపేట వంటి జిల్లా కేంద్రంలో ఈ క్రమానికి మరింత ప్రాధాన్యం ఉంది. 2016 అక్టోబరు 11న పాత మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల భాగాలతో ఏర్పడిన ఈ జిల్లా రాజీవ్ రహదారి మీద హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. నిజాం కాలపు రోల్స్ రాయిస్‌లు హైదరాబాద్ ప్యాలెస్‌ల సొత్తు. ఇక్కడి రోడ్లు ఎరిగిన పాత బండ్లు అంబాసిడర్, పద్మిని, జీపు. ఇవి అద్దాల గదిలో దాచుకున్నవి కావు, బతుకుదెరువు కోసం తిరిగినవి. వీటి ఇంజిన్లు పలుమార్లు విప్పి బిగించినవి, కొన్నిసార్లు పూర్తిగా మారినవి. ఇలాంటి బండికి విదేశీ రంగుల పట్టిక ఒక్కటే ఆధారమైతే దారి తప్పే అవకాశం ఎక్కువ.

ఇంజిన్‌కు రంగు ఎందుకు వేశారు

పోత ఇనుము గాలి తగిలితే తుప్పు పడుతుంది. బ్లాకు పోత పోసిన తర్వాత మెషినింగ్‌కు, అసెంబ్లీకి, బండిలోకి ఎక్కడానికి మధ్య రోజులో వారాలో గడుస్తాయి. ఈలోగా లోహాన్ని కాపాడటం పూత మొదటి పని. పోతలో ఇసుక అచ్చు రేణువులు గరుకు ఉపరితలంలో ఇరుక్కుని ఉంటాయి, వాటిని కదలకుండా పట్టి ఉంచడం రెండోది. గోదాములో ఒకే కొలత ఇంజిన్లు వేర్వేరు మోడళ్ల కోసం వరుసగా పేర్చి ఉన్నప్పుడు చూపుతోనే తేడా తెలియడం మూడోది. కంపెనీ గుర్తింపు నాలుగోది. అది తర్వాతి కాలంలో బలపడింది. అమెరికాలో ఫోర్డ్ 1928 నుంచి 1931 దాకా తయారు చేసిన మోడల్ ఏ ఇంజిన్‌కు ఆకుపచ్చ వేసింది. 1966లో తన ఇంజిన్లన్నిటికీ ఒకే నీలం రంగును ప్రామాణికం చేసింది. షెవర్లే 1955లో తెచ్చిన చిన్న వీ ఎయిట్‌తో నారింజ రంగు ఆ కంపెనీకి గుర్తుగా స్థిరపడింది. ఇటలీలో ఫెరారీ 1956లో తన పందెపు కారు ఇంజిన్‌కు కామ్ కవర్లను ఎర్రగా వేసి, బండికే ఎర్ర తల అనే అర్థమిచ్చే టెస్టా రోసా పేరు పెట్టింది. రక్షణ కోసం మొదలైన పూత అలా క్రమంగా సంతకంగా మారింది.

తెలంగాణ పాఠకులకు ఈ మార్పు కార్ల కన్నా ట్రాక్టర్ల ద్వారా ముందు పరిచయమైంది. కారు ఇంజిన్ బానెట్ కింద దాగుతుంది, ట్రాక్టర్ ఇంజిన్ పక్కల నుంచి బయటికే కనిపిస్తుంది. 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండ్‌లో తయారైన ఫెర్గూసన్ టీఈ 20 నఖశిఖపర్యంతం బూడిద రంగే. దాని తర్వాతి తరమైన మాసీ ఫెర్గూసన్ 35కు బానెట్ ఎరుపు, ఇంజిన్ బూడిద. ఆ కుటుంబపు ట్రాక్టర్లనే 1960లో మద్రాసులో మొదలైన టాఫే మన పొలాల్లోకి తెచ్చింది. రేకు ఎరుపైనంత మాత్రాన ఇంజిన్ కూడా ఎరుపు కానక్కర్లేదన్న సంగతి రైతుకు అలా తెలిసింది. కారు విషయానికి వచ్చేసరికి అదే మనిషి బాడీ రంగుకు ఇంజిన్‌ను జత చేయాలనుకోవడం తరచూ కనిపించే పొరపాటు.

పట్టికలు ఎక్కడిదాకా పనికొస్తాయి

ఇంజిన్ రంగుల పట్టికలు సాధారణంగా కంపెనీ, మోడల్, సంవత్సరం అనే మూడు గడులతో ఉంటాయి. అమెరికన్ కార్లకు ఇవి చాలావరకు పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ ఒకే కర్మాగారం ఒకే ఏడాది లక్షల ఇంజిన్లకు ఒకే రంగు వేసింది. బ్రిటిష్ కార్ల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి తడబడుతుంది. ఆస్టిన్, నఫీల్డ్ సంస్థలు 1952లో కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. ఆ సంస్థ బీ సిరీస్ ఇంజిన్‌ను రకరకాల పేర్లున్న కార్లలో వాడింది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో 1489 సీసీ బీ సిరీస్ ఇంజిన్‌కు ముదురు ఎరుపు రంగు ఉంది. తర్వాతి ఎంజీబీలో అదే కుటుంబపు 1798 సీసీ ఇంజిన్ మొదట ముదురు ఎరుపుగా, తర్వాత నలుపుగా వచ్చింది. అదే సంస్థ మోరిస్ మైనర్‌లోని చిన్న ఏ సిరీస్ ఇంజిన్‌కు ఆకుపచ్చ వేసింది. ఇంజిన్ కుటుంబాన్ని బట్టి రంగు చెప్పలేమని, ఏ కారులోకి వెళ్లిందో, ఏ దశలో వెళ్లిందో కూడా తెలియాలని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇదే బీ సిరీస్ మన అంబాసిడర్‌కూ పూర్వీకురాలు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన అంబాసిడర్ మొదట 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్‌తో వచ్చింది. 1959 నాటికి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్‌కు మారింది. కొలత సరిగ్గా ఎంజీఏ ఇంజిన్‌దే. అందువల్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల పుస్తకం చూసి అంబాసిడర్‌కు ముదురు ఎరుపు వేయాలనే ఊహ సులభంగా పుడుతుంది. కానీ కొలత ఒకటైనంత మాత్రాన పూత ఒకటి కాదు. ఉత్తరపార కర్మాగారానికి సొంత ఫౌండ్రీ ఉండేది, అక్కడి బ్లాకు అక్కడే పోత పోసినది. ఇంగ్లండ్ పట్టిక ఇంగ్లండ్ కర్మాగారాల్లో ఏం జరిగిందో చెప్పగలదు. ఉత్తరపారలో ఏ డబ్బా తెరిచారో చెప్పలేదు. పైగా అంబాసిడర్ 2014 దాకా దాదాపు ఆరు దశాబ్దాలు తయారైంది. అంత కాలం మీద ఒకే రంగును మోపడానికి ఏ పట్టికకూ అధికారం లేదు.

పట్టికలు సాధారణంగా వదిలేసే మరో సంగతి, మార్పిడి ఇంజిన్లు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ పాత ఇంజిన్‌ను తీసుకుని, పూర్తిగా బాగుచేసిన ఇంజిన్‌ను ఇచ్చే పథకం నడిపింది. గోల్డ్ సీల్ పేరుతో వచ్చినవాటికి బంగారు రంగు, సిల్వర్ సీల్ పేరుతో వచ్చినవాటికి వెండి రంగు వేసేవారు. అలాంటి బంగారు రంగు ఇంజిన్ ఉన్న మోరిస్‌ను చూసి ఇది తప్పుడు రంగని చెరిపేస్తే, ఆ కారు జీవితంలో ఒక అధికారిక మజిలీని చెరిపినట్టే. జాగ్వార్ తన ఎక్స్‌కే ఇంజిన్లలో సిలిండర్ హెడ్డు రంగునే రకాన్ని తెలిపే గుర్తుగా వాడింది. సీ టైప్ హెడ్డు ఎరుపు, ఎక్స్‌కే 150 ఎస్‌లోని స్ట్రెయిట్ పోర్ట్ హెడ్డు బంగారు రంగు. అక్కడ రంగు మారిస్తే అందం సంగతి అటుంచి, యంత్రం గురించే తప్పు సమాచారం ఇచ్చినట్టవుతుంది.

జీపు చెప్పే పాఠం

రెండో ప్రపంచ యుద్ధపు జీపు ఈ వాదనకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. 1941 నుంచి 1945 దాకా ఒకే నమూనా జీపును రెండు కంపెనీలు తయారు చేశాయి. విల్లీస్ మూడున్నర లక్షలకు పైగా ఎంబీ జీపులను, ఫోర్డ్ రెండు లక్షల డెబ్బై వేలకు పైగా జీపీడబ్ల్యూ జీపులను సైన్యానికి అందించాయి. విడి భాగాలు ఒకదానికొకటి సరిపోవాలన్నది సైన్యం షరతు. ఇంజిన్ కూడా ఒకటే డిజైన్. అయినా విల్లీస్ ఇంజిన్‌కు సైనిక ఆలివ్ ఆకుపచ్చ వేసింది, ఫోర్డ్ బూడిద రంగు వేసింది. కొలతలు, బోల్టులు, పనితనం అన్నీ ఒకటైన చోట కర్మాగారాన్ని పట్టించే ఆనవాళ్లలో రంగు ఒకటైంది.

యుద్ధం ముగిశాక మిగులు జీపులు భారతదేశంలో పౌరుల చేతికి వచ్చాయి. ముంబైలో మహీంద్రా సంస్థ 1940ల చివర విల్లీస్ జీపుల అసెంబ్లీ మొదలుపెట్టి, తర్వాత హరికేన్ ఇంజిన్ ఉన్న సీజే 3బీని దశాబ్దాల పాటు తయారు చేసింది. ఒక బండి ఇంజిన్ పాడైతే మరో బండిది ఎత్తి పెట్టడం జీపుకు మామూలు సంగతి. కాబట్టి ఇవాళ ఒక పాత జీపులో బూడిద రంగు అవశేషం కనిపిస్తే మూడు అవకాశాలను ఎదురెదురుగా పెట్టి చూడాలి. అది అసలు ఫోర్డ్ ఇంజిన్ కావచ్చు, విల్లీస్ బండిలోకి తర్వాత వచ్చిన ఫోర్డ్ ఇంజిన్ కావచ్చు, లేదా ఏదో షెడ్డులో వేసిన ప్రైమర్ కావచ్చు. ఇంజిన్ నంబరు, పోత మీది గుర్తులు, రంగు పొరల వరుస మూడూ ఒకే మాట చెబితేనే నిర్ణయం నిలుస్తుంది. రంగు ఒంటరి సాక్షిగా బలహీనం, తోడు సాక్షులుంటే బలం.

రంగు వేయకపోవడమూ సరైన రంగే

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తెలంగాణలో అన్నిటికన్నా పేరున్న పాత కారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన ఈ కారుకు లండన్‌లోని బార్కర్ సంస్థ సింహాసనం వంటి ఆసనంతో బాడీ కట్టింది. ఆయన 1911 ఆగస్టులో మరణించడంతో కారు ఆయన వారసుడు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నగరానికి చేరింది. అందరూ మాట్లాడుకునేది దాని పసుపు బాడీ గురించి. ఇంజిన్ సంగతి వేరు. ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్‌లో ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు ఇనుప బ్లాకులుగా ఉంటాయి, వాటి కింద అల్యూమినియం క్రాంక్‌కేస్ ఉంటుంది. ఆ అల్యూమినియానికి రంగు వేయకుండా లోహంగానే వదిలేవారు. ఇలాంటి చోట మెరిసే ఎనామెల్ వేయడం ఎంత శ్రద్ధగా చేసినా తప్పే.

ఈ సూత్రం సామాన్యుల కార్లకూ వర్తిస్తుంది. ఫియట్ 1100 నుంచి పుట్టి, 1974లో పద్మిని పేరు పొందిన ప్రీమియర్ కారులో 1089 సీసీ ఇంజిన్‌కు బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. అంబాసిడర్ బీ సిరీస్ ఇంజిన్‌లో రెండూ పోత ఇనుమే. అంబాసిడర్‌లో బ్లాకు నుంచి హెడ్డు దాకా ఒకే రంగు సాగడం సహజం. పద్మిని హెడ్డును బ్లాకుతో కలిపి ముంచెత్తితే రెండు లోహాల మధ్య గీత మాయమవుతుంది. హద్దు ఛాయంత ముఖ్యం. కర్మాగారంలో ఇంజిన్‌ను చాలావరకు బిగించాక స్ప్రే చేసేవారు. డైనమో, సెల్ఫ్ మోటర్, కార్బరేటర్, డిస్ట్రిబ్యూటర్ వంటివి వేరే కంపెనీల నుంచి వాటి సొంత పూతతో వచ్చి తర్వాత ఎక్కేవి. అందుకే అసలు పూతలో బోల్టు తలలు, ప్యాకింగ్ అంచులు కూడా రంగులో మునిగి ఉంటాయి, డైనమో మీద మాత్రం ఇంజిన్ రంగు తుంపర కూడా ఉండదు. ఈ కాలపు పునరుద్ధరణలో ప్రతి బోల్టునూ విడిగా మెరిపించి, డైనమోకు మాత్రం ఇంజిన్ రంగు కొట్టడం రెండు వైపులా తలకిందులు.

లోహం మీద ఆనవాళ్లు వెతకడం

ఇంజిన్ విప్పే వరుసలోనే వెతుకులాట సాగాలి. ముందుగా డైనమో బ్రాకెట్ కింద, వాటర్ పంప్ వెనుక, ఇంజిన్ నంబరు పలక అంచున, క్లచ్ హౌసింగ్ కలిసే మూలల్లో చూడాలి. ఎండ, ఆయిలు, చెయ్యి తగలని చోట్లవి. గ్రీజును కిరోసిన్‌తో మెత్తగా తుడవాలి, థిన్నర్ వెంటనే వాడకూడదు. తర్వాత వెయ్యి నంబరు ఎమరీ పేపరుతో నీళ్లు పోస్తూ రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా రుద్దితే పొరలు ఒకదాని లోపల ఒకటి వలయాలుగా బయటపడతాయి. లోపలి వలయం ఇనుము, దాని చుట్టూ ప్రైమర్, ఆపైన తొలి రంగు, ఆ తర్వాత షెడ్డుల్లో వేసినవి. ప్రైమర్‌ను తొలి రంగుగా పొరబడటం ఇక్కడ ప్రధాన ప్రమాదం. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇటుక రంగులో ఉండి, ఒకప్పుడు ఎర్ర ఇంజిన్ అనిపించేలా కనిపిస్తుంది. పాత పూతల్లో సీసపు రంగులు ఉండే అవకాశం ఉంది, పసుపు, ఆకుపచ్చ ఛాయల్లో మరీను. కాబట్టి పొడిగా రుద్దకూడదు, మాస్కు లేకుండా రుద్దకూడదు.

పూత ఎప్పుడు పడిందో తేల్చడానికి దాని స్థానమే ఆధారం. తర్వాత ఎక్కించే డైనమో బ్రాకెట్ కింద రంగు ఉంటే అది కర్మాగారపు పూత కావడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఇంజిన్‌కు స్ప్రే చేశాకే డైనమో ఎక్కింది. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య, లేదా పక్క కవర్ ప్యాకింగ్ కింద రంగు పాకి ఉంటే అది ఇంజిన్ విప్పి ఉన్నప్పుడు వేసినది, అంటే మరమ్మతు కాలపుది. ఒకే రంగు రెండు చోట్లా ఉంటే మెకానిక్ పాత రంగునే చూసి మళ్లీ వేశాడని అనుకోవచ్చు. వేడి చేసే మోసాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పసుపు ఐరన్ ఆక్సైడ్ వేడికి నీటిని కోల్పోయి ఎర్ర ఆక్సైడ్‌గా మారుతుంది. ప్రష్యన్ బ్లూ కలిసిన ఆకుపచ్చలు వేడికి గోధుమ వైపు జరుగుతాయి. అందువల్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన దొరికిన నమూనాను నమ్మకూడదు. దానికి ఎదురు వైపున, చల్లగా ఉండే కింది భాగంలో దొరికినదే నమ్మదగినది.

దొరికిన ఛాయను కంటితో గుర్తుపెట్టుకోవడం చాలదు. ఫోటోలో పక్కన రంగుల స్కేలు లేకపోతే కెమెరా తన ఇష్టం వచ్చినట్టు దిద్దుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 5 ప్రమాణంలో పెయింట్ల ఛాయలకు నంబర్లున్నాయి. ఎలక్ట్రిక్ ప్యానెళ్లు, యంత్రాలు తయారు చేసేవారు 631, 632 అని బూడిద ఛాయలను అడిగేది అందులోంచే. బ్రిటన్‌లో 1930 నుంచి ఉన్న బీఎస్ 381 ఇలాంటిదే, జర్మనీ ఆర్‌ఏఎల్ పట్టిక 1927 నాటిది. సిద్దిపేటలో కూర్చుని ముదురు ఆకుపచ్చ అని ఫోన్‌లో చెబితే హైదరాబాద్ పెయింట్ దుకాణంలో ఏ డబ్బా అయినా రావచ్చు. నంబరు చెబితే ఒకే డబ్బా వస్తుంది. నమూనాను ఆరుబయట ఎండలోనూ, ట్యూబ్‌లైటు కిందా చూడాలి. వేర్వేరు రంగుపొడులతో కలిపిన రెండు ఛాయలు ఒక వెలుతురులో ఒకటిగా, మరో వెలుతురులో వేరుగా కనిపిస్తాయి. ఎంచుకున్న పెయింట్‌ను ఒక ఇనుప రేకు మీద వేసి, 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, మళ్లీ పోల్చాలి. కొన్ని ఛాయలు ఆ వేడికే మారిపోతాయి.

వేడి, వాతావరణం, పూత రకం

నీటితో చల్లబడే ఇంజిన్‌లో బ్లాకు బయటి వేడి సాధారణంగా వంద డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మాత్రం దానికి కొన్ని రెట్లు కాలుతుంది. కాబట్టి బ్లాకుకు ఇంజిన్ ఎనామెల్ సరిపోతుంది. మానిఫోల్డ్‌కు అదే డబ్బా కొడితే తొలి ప్రయాణంలోనే పొగ, తర్వాత పొక్కులు. మానిఫోల్డ్‌ను లోహంగా వదలడం లేదా దానికి విడిగా దొరికే అధిక వేడి సిలికాన్ పూత వేయడం పద్ధతి. బాడీకి వాడే డ్యూకో అంత వేడిలో ఎక్కువ కాలం నిలవదు. పుట్టీ పెట్టి పోత గరుకును నున్నగా చేయడం కూడా తగదు, ఎందుకంటే పుట్టీ వేడికి, కంపనానికి విడిపోతుంది. పైగా పోత గరుకు అసలు ఇంజిన్ రూపంలో భాగం. శాండ్ బ్లాస్టింగ్ చేస్తే ఆయిల్ గ్యాలరీల్లో చేరిన ఇసుక బేరింగులను తినేస్తుంది. అల్యూమినియం భాగాలను కాస్టిక్ సోడాలో ముంచితే లోహమే కరుగుతుంది.

వేసవిలో సిద్దిపేటలో పగటి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండలో స్ప్రే చేస్తే గన్ నుంచి బ్లాకు చేరేలోపే థిన్నర్ ఆవిరై, పూత పొడిపొడిగా, గరుకుగా పడుతుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువైతే త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ పూతలు తెల్లబారతాయి. చలికాలం ఉదయాలు ఈ పనికి అనుకూలం. వేసవిలో తప్పనిసరైతే నెమ్మదిగా ఆరే థిన్నర్, నీడ, పలుచని రెండు మూడు పూతలు అవసరం. వాతావరణం వల్ల వచ్చిన లోపాన్ని ఛాయ లోపంగా పొరబడటం జరుగుతుంటుంది. తెల్లబారిన ముదురు ఆకుపచ్చ లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది, దాన్ని సరిదిద్దబోయి డబ్బాలో నలుపు కలిపితే మంచి నమూనా కూడా చెడుతుంది.

అభ్యంతరాలు

బానెట్ కింద ఉన్నది ఎవరు చూస్తారన్నది తరచూ వినిపించే ప్రశ్న. చూసేవారు ఉన్నారు. 2017లో హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగిన కార్టియే కాంకూర్ వంటి పాత కార్ల పోటీల్లో న్యాయనిర్ణేతలు బానెట్ ఎత్తించి చూస్తారు. కొనేవారూ అక్కడే మొదలుపెడతారు. చట్టం మాత్రం ఈ విషయంలో మౌనంగా ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్పు వంటి పెద్ద మార్పులు లేని రెండు, నాలుగు చక్రాల బండ్లు వింటేజ్ కోవలోకి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు. 1974 నాటి తొలి పద్మినులకు 2024తో యాభై నిండాయి. ఈ నిబంధనల్లో ఇంజిన్ రంగు ప్రస్తావన లేదు, ఆర్సీలోనూ బాడీ రంగుకే చోటుంది. ఇంజిన్ నంబరు మాత్రం ఆర్సీలో ఉంటుంది. పాత మెదక్ జిల్లా ఏపీ 23 పలక పోయి టీఎస్ 36, ఆపైన టీజీ 36 వచ్చినా ఆ నంబరు మారదు. కాబట్టి ఏ రంగు వేసినా ఆ చోటును రుద్దకూడదు, మందపాటి పూతతో పూడ్చకూడదు. చట్టం అడగనంత మాత్రాన చరిత్ర అడగదని అనుకోలేం.

రెండో అభ్యంతరం సాంకేతికం. నలుపు వేస్తే ఇంజిన్ త్వరగా చల్లబడుతుందని, వెండి రంగు వేస్తే ఎండ వేడి తగలదని షెడ్డుల్లో అంటుంటారు. ఇంజిన్ ఉండే ఉష్ణోగ్రత దగ్గర వేడి వెలువడేది కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో. ఆ కిరణాలకు నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు ఎనామెళ్లు దాదాపు ఒకటే. వాటి ఉద్గారకత 0.9 దగ్గర ఉంటుంది. అల్యూమినియం పొడి కలిసిన వెండి పెయింట్‌కు అది అంతకన్నా బాగా తక్కువ, అంటే వెండి రంగు వేడిని బయటికి పంపడంలో వెనకబడుతుంది. అయితే నీటితో చల్లబడే ఇంజిన్‌లో ఈ తేడా చిన్నది, బయటికి పోవలసిన వేడిలో ఎక్కువ భాగం రేడియేటర్ ద్వారానే పోతుంది. ఎండ బానెట్ మీద పడుతుంది కాని బ్లాకు మీద పడదు. ఛాయ కన్నా పూత మందమే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే దళసరి పొర వేడిని ఆపుతుంది. లేత రంగు మీద ఆయిల్ కారడం త్వరగా కనిపిస్తుందన్న మాట నిజమే, అది రోజూ నడిపే బండికి మంచి కారణం కూడా. అసలు రంగు ఏదని నిర్ణయించడానికి మాత్రం అది ఆధారం కాదు.

మూడో అభ్యంతరం బలమైనది. కర్మాగారాలే ఒక పద్ధతి పాటించలేదు, పెయింట్ అయిపోతే దొరికినది వేశారు, కాబట్టి సరైన రంగు అనే మాటే లేదన్నది ఆ వాదన. ఒకే ఏడాది ఇంజిన్లలో ఛాయల తేడాలు ఉండే మాట కొట్టిపారేయలేం. అయితే దాని నుంచి వచ్చే ఫలితం ఆ వాదన చేసేవారు అనుకున్నదానికి విరుద్ధం. కర్మాగారం అస్థిరంగా ఉంటే పట్టిక విలువ తగ్గుతుంది, ఆ ఇంజిన్ మీది పొర విలువ పెరుగుతుంది. సగటు తెలియకపోయినా ఈ ఒక్క ఇంజిన్ సంగతి తెలుసుకోవచ్చు. నాలుగోది యజమాని హక్కు. బండి నాది, నాకు నచ్చిన రంగు వేసుకుంటానంటే కాదనలేం. కానీ ఇష్టాన్ని అసలు రూపమని చెప్పి అమ్మడం వేరు సంగతి. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా తన టురిన్ ఛార్టర్‌లో మార్పులు వీలైనంత తక్కువగా ఉండాలని, చేసినవాటిని నమోదు చేయాలని కోరుతుంది. ఆ నియమం ఇష్టాన్ని నిషేధించదు, దాన్ని దాచడాన్ని మాత్రమే ఒప్పుకోదు.

ఆధారాల మెట్లు

పైదంతా చూశాక ఒక వరుస తేలుతుంది. మొదటి మెట్టు ఆ ఇంజిన్ మీదే దొరికిన, కర్మాగార కాలపు స్థానంలో ఉన్న పొర. రెండోది అదే కర్మాగారంలో దగ్గరి నంబర్లతో తయారై, ఎవరూ విప్పని మరో ఇంజిన్. మూడోది ఆ కాలపు వర్క్‌షాప్ మాన్యువల్, విడి భాగాల జాబితా, కర్మాగారపు ఫోటో. నాలుగోది ప్రచురిత రంగుల పట్టిక. ఐదోది సాటి పునరుద్ధరణదారుల మాట. పై మెట్టు ఆధారం ఉన్నప్పుడు కింది మెట్టు దాన్ని కాదనలేదు. కింది మెట్టు ఆధారాలెన్ని పోగైనా పై మెట్టు మీది ఒక్క స్పష్టమైన పొరకు సాటిరావు. ఇంజిన్ పూర్తిగా మారిపోయిన అంబాసిడర్ విషయంలో, ఉదాహరణకు పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ పెట్టిన బండికి, ప్రశ్న కారు రంగు గురించి కాదు, ఇప్పుడున్న ఇంజిన్ గురించి. అది ఏ తయారీదారుదో ఆ తయారీదారు పూతే దానికి తగినది. దానికి పాత ఇంజిన్ రంగు పూస్తే మార్పిడి దాగుతుంది, నిజం దాగుతుంది.

అన్ని మెట్లూ ఖాళీ అయిన ఇంజిన్లూ ఉంటాయి. కాస్టిక్ తొట్టి నుంచి బయటికొచ్చిన బ్లాకు మీద చదవడానికి ఏమీ మిగలదు. అప్పుడు చేయగలిగింది ఆ కాలపు కర్మాగారాలు విస్తారంగా వాడిన నిరాడంబరమైన ఛాయల్లో ఒకటి ఎంచుకుని, అది ఊహ అని కాగితం మీద ఒప్పుకోవడం. పెయింట్ తయారీ సంస్థ, ఛాయ నంబరు, వేసిన తేదీ, ఆధారం ఏమిటి, ఆధారం లేకపోతే ఆ మాట, ఇవన్నీ ఒక పుట రాసి, విప్పేటప్పుడు తీసిన ఫోటోలతో కలిపి బండి కాగితాల్లో పెడితే చాలు. కొత్త పూత వేయని ఒక చిన్న చోటును, ముఖ్యంగా పాత పొర మిగిలి ఉన్నచోటును, డైనమో బ్రాకెట్ కింద అలాగే వదిలేయడం ఇంకా మంచిది. పాతికేళ్ల తర్వాత ఆ ఇంజిన్‌ను విప్పే మెకానిక్‌కు మన నిర్ణయం తప్పనిపిస్తే దాన్ని సరిదిద్దడానికి కావలసిన ఆధారం అక్కడ ఉంటుంది. సరైన రంగును ఎంచుకోవడంలో సగం పని ఇదే: వేసే రంగు ఎంత బాగున్నా, దాని కింద ఉన్నదాన్ని తర్వాతివారికి చదవడానికి వీలుగా ఉంచడం.